గడ్డ కరిగించే ఇంజెక్షన్ తర్వాత కోలుకోవడాన్ని కొలిచేదెలా? 24 గంటల స్కోరు నమ్మాలా, 90 రోజుల ఫోనా?

వార్డు_రిజిస్టర్
అందరికీ నమస్కారం. జిల్లా స్థాయి స్ట్రోక్ యూనిట్లలో లైసిస్ చేసిన (గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చిన) పేషెంట్ల ఫలితాలు రాసేందుకు ఒకే తీరు ఫారం తయారుచేస్తున్నాం. ఇప్పుడు ఒక్కో చోట ఒక్కోలా రాస్తున్నారు. కొందరు 24 గంటలకు ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ (స్ట్రోక్ లోపాలను పరీక్షించి వేసే 42 పాయింట్ల స్కోరు, ఎక్కువైతే తీవ్రం) 4 పాయింట్లు తగ్గితే "ఇంప్రూవ్డ్" అని రాసి కేసు మూసేస్తారు. కొందరు డిశ్చార్జి రోజు ఎమ్‌ఆర్‌ఎస్ (సవరించిన రాంకిన్ స్కేలు, రోజువారీ జీవితంలో ఎంత ఆధారపడుతున్నారో చెప్పే అంకె, 0 అంటే ఏ లోపమూ లేదు) వేస్తారు. 90 రోజుల కాలమ్ మాత్రం చాలా చోట్ల ఖాళీ. ఉన్నచోట కూడా "ఫోన్ చేశాం, బాగున్నారు, 1" అన్న రకమే. ఏ స్కోరు ఎప్పుడు వేయాలి, ఎవరు వేయాలి, తెలుగులో ఏమని అడగాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

న్యూరో_గుంటూరు
ముందు 24 గంటల సంగతి తేల్చుకుందాం, సగం గందరగోళం అక్కడే ఉంది.

ఈ ఇంజెక్షన్ పనిచేస్తుందా అని చూసిన, 1995లో వచ్చిన ఎన్‌ఐఎన్‌డీఎస్ ట్రయల్‌ని అందరం ఉదహరిస్తాం. అది రెండు భాగాలన్న సంగతి మాత్రం మరిచిపోతాం. మొదటి భాగంలో 291 మంది. వాళ్లు చూసింది సరిగ్గా మీరు రాస్తున్నదే: 24 గంటలకు ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ 4 పాయింట్లు తగ్గడం, లేదా లోపం పూర్తిగా పోవడం. మందు తీసుకున్నవాళ్లలో 47 శాతం, ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్) గుంపులో 39 శాతం. తేడా గణాంకాల పరీక్షకు నిలబడలేదు. రెండో భాగంలో 333 మందిని మూడు నెలలకు చూశారు, తేడా అక్కడ స్పష్టంగా తేలింది. అంటే ఈ రోజు మనం వాడుతున్న చికిత్సకు ఆధారం 24 గంటల కొలత కాదు, 90 రోజుల కొలత.

అదే రెండో భాగంలో ఇంకో విషయం గమనించండి. మందు తీసుకున్న ఆ గుంపులోనే "మంచి ఫలితం" బార్తెల్ ప్రకారం (సొంత పనులు చేసుకోగలగడాన్ని కొలిచే 100 పాయింట్ల స్కేలు, 95 లేదా 100 వస్తే) 50 శాతం, గ్లాస్గో ఔట్‌కమ్ స్కేలు ప్రకారం 44, ఎమ్‌ఆర్‌ఎస్ ప్రకారం (0, 1) 39, ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ ప్రకారం (0, 1) 31. మనుషులు వాళ్లే, రోజు అదే, నాలుగు స్కేళ్లకు నాలుగు జవాబులు. కాబట్టి "మా దగ్గర సగం మంది కోలుకున్నారు" అని ఎవరైనా అంటే, ఏ స్కేలు మీద, ఎన్నో రోజున అని అడగనిదే ఆ మాటకు అర్థం లేదు.

24 గంటల స్కోరు పనికిరాదని కాదు. 90 రోజుల ఫలితాన్ని ముందే అంచనా వేయడానికి బాగా ఉపయోగపడుతుంది. పెరిగితే వెంటనే సీటీకి పంపాలని చెప్పేది కూడా అదే. రక్తనాళం తెరుచుకున్నా మెదడు భాగం కొన్ని రోజులు మొద్దుబారి ఉండొచ్చు. అప్పుడు 24 గంటలకు ఏమీ మారనట్టు కనిపించి, పదో రోజుకు చెయ్యి లేస్తుంది. 24 గంటల స్కోరు రాయండి, దాన్నే ఫలితంగా ప్రకటించకండి.

ఐసీయూ_సిస్టర్
సార్ చెప్పింది నిజమే గానీ, ఆ 24 గంటల స్కోరు కూడా సరిగ్గా వేస్తేనే కదా. లైసిస్ తర్వాత బీపీ, నాడీ పరీక్ష మొదటి 2 గంటలు ప్రతి 15 నిమిషాలకు, తర్వాత 6 గంటలు ప్రతి అరగంటకు, అక్కడి నుంచి 24 గంటలయ్యేదాకా గంటకోసారి. బీపీ 180/105 దాటకూడదు. ప్రతిసారీ పూర్తి ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ అక్కర్లేదు: మెలకువ, మాట, చెయ్యి, కాలు, కంటిపాపలు, కొత్తగా తలనొప్పి, వాంతి. పూర్తి స్కోరు మాత్రం చేరినప్పుడు, 2 గంటలకు, 24 గంటలకు, డిశ్చార్జికి.

తప్పులు జరిగేది ఇక్కడ:

చెయ్యి 10 సెకన్లు, కాలు 5 సెకన్లు. చెయ్యి కూర్చుంటే 90 డిగ్రీలు, పడుకుంటే 45. కాలు ఎప్పుడూ పడుకోబెట్టే, 30 డిగ్రీలు. సెకన్లు పైకి వినపడేలా లెక్కపెట్టాలి. మనసులో లెక్కపెడితే 10 కాస్తా 6 అవుతుంది, కిందికి జారాల్సిన చెయ్యి జారకముందే "0" పడిపోతుంది.

మొదటి ప్రయత్నానికే స్కోరు. "తాతా, ఇంకోసారి గట్టిగా ఎత్తు, ఎత్తగలవు" అని ఉత్సాహపరిచి రెండోసారి వచ్చినదానికి వేయకూడదు. చేయగలడని మనకు అనిపించింది కాదు, మన కళ్లముందు చేసింది రాయాలి. ఒకసారి రాశాక వెనక్కి వెళ్లి దిద్దకూడదు.

అటాక్సియా (కదలికలో పొందిక తప్పడం) బలహీనతకు మించి ఉంటేనే పాయింటు. చెయ్యి పూర్తిగా పడిపోయిన మనిషికి అటాక్సియా 0, 2 కాదు. ఇక్కడ అనవసరంగా పాయింట్లు కలిపేసేవాళ్లు చాలామంది.

ఇంకొకటి. 24 గంటలకు స్కోరు పెరిగితే అందరి చూపూ మెదడులో రక్తస్రావం మీదే. సీటీ చేయించాల్సిందే. దాంతో పాటు షుగరు, జ్వరం, సోడియం, రాత్రి మత్తుమందు ఇచ్చారా, ఫిట్స్ వచ్చాయా అన్నవి కూడా ఫారంలో పక్కన రాయండి. షుగరు 45 ఉన్నప్పుడు వేసిన స్కోరు స్ట్రోక్ స్కోరు కాదు.

వార్డు_రిజిస్టర్
సిస్టర్ గారూ, ధన్యవాదాలు. రెండు సందేహాలు. నెల, వయసు అడిగే ప్రశ్నకు పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు "ఆషాఢం" అంటారు, వయసు "అరవయ్యో డెబ్బయ్యో" అంటారు. ఎలా వేయాలి? ఇక బొమ్మల కార్డులో కాక్టస్, హామాక్, చేతి గ్లవ్ ఉన్నాయి. ఆ ఊయలను చూసి ఎక్కువమంది "వల" అనో "గుడ్డ" అనో అంటున్నారు.

ఐసీయూ_సిస్టర్
ఆషాఢం నిజంగా ఆషాఢమే అయితే అది సరైన జవాబే. కాకపోతే అడిగేవాళ్లకు ఆ రోజు ఏ మాసమో తెలిసి ఉండాలి. వార్డులో తెలుగు క్యాలెండరు వేలాడదీస్తే సరి. వయసు విషయంలో నియమం కఠినం: దగ్గరి జవాబుకు సగం మార్కులు లేవు. ఆధార్‌లో పుట్టినతేదీ జనవరి 1 అని ఉన్నవాళ్లు బోలెడు మంది, అది ప్రమాణం కాదు. ఇంటివాళ్లను "మామూలుగా ఎంతని చెబుతారు?" అని అడిగి దాంతో పోల్చండి. జన్మలో ఎప్పుడూ వయసు తెలియని మనిషైతే చేరినప్పుడూ 1, 24 గంటలకూ 1 పడుతుంది. తేడా 0 కాబట్టి మెరుగుదల లెక్క చెడదు. చెడేది ఎప్పుడంటే, మొదటిసారి ఒక డాక్టరు 1 వేసి, రెండోసారి ఇంకొకరు "పాపం తెలీదులే" అని 0 వేసినప్పుడు. అక్కడ ఉత్తపుణ్యానికి ఒక పాయింటు బాగుపడినట్టు.

భాష రాని చోట చేరిన మనిషికి కూడా ఆ ప్రశ్నలో 1 వేయాలని నియమంలోనే ఉంది. బెంగళూరులోనో సూరత్‌లోనో చేరిన మన కూలీలకు ఇది వర్తిస్తుంది.

స్పీచ్_థెరపీ_హైదరాబాద్
బొమ్మల కార్డు గురించి నేను చెబుతాను. పరీక్షిస్తున్నది పేరు గుర్తుకు తెచ్చుకునే శక్తిని, బొమ్మను గుర్తుపట్టే అలవాటును కాదు. తాళంచెవి, కుర్చీ, ఈక ఎవరికైనా తెలుసు. హామాక్ దగ్గర "వల", "ఉయ్యాల", ఏదన్నా పొంతనుంటే ఒప్పుకోవాలి. కాక్టస్‌ని "బ్రహ్మజెముడు" అంటే అంతకన్నా సరైన జవాబు లేదు. చదువురాని వాళ్లకు చదివే కార్డు బదులు మనం చెప్పిన వాక్యాన్ని తిరిగి చెప్పించాలి. చేతిలో పెట్టిన వస్తువులకు పేర్లు అడగాలి: తాళంచెవి, దువ్వెన, పెన్ను, చెంచా.

మాట నత్తి చూసే కార్డులో హకిల్‌బెర్రీ, బేస్‌బాల్ ప్లేయర్ ఉంటాయి. మన పెద్దవాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా వాటి దగ్గర తడబడతారు. మనకు కావాల్సింది పెదాలు, నాలుక కొస, గొంతు వెనుక భాగం, మూడూ కదిలే మాటలు. పప్పుబెల్లం, తాటాకు, కంగారు, గడగడ. అధికారికంగా ప్రామాణీకరించిన పట్టిక కాదు ఇది, వార్డులో వాడుకునేది. ఒకటే షరతు: మొదటిరోజు ఏ మాటలు అడిగారో 24 గంటలకూ అవే అడగండి. ఫారం మీద ఆ మాటలు అచ్చువేయించేస్తే గొడవే లేదు.

మరో లోపం ఈ స్కేలులోనే ఉంది. 42లో 7 పాయింట్లు భాషతో ముడిపడినవి (ప్రశ్నలు 2, ఆజ్ఞలు 2, భాష 3), ఒక పక్కను పట్టించుకోకపోవడానికి 2 మాత్రమే. కుడి మెదడు స్ట్రోక్ వచ్చి, ఎడమపక్క కంచంలో అన్నం కనిపించక సగమే తిని లేచే మనిషికి స్కోరు చిన్నది పడుతుంది. వెనుక భాగం స్ట్రోక్‌లో కళ్లు తిరగడం, కూర్చోలేక పక్కకు ఒరిగిపోవడం, మింగలేకపోవడం, వీటికి పాయింట్లే లేవు. స్కోరు 2, మనిషి మాత్రం మంచం దిగలేడు. అందుకే 24 గంటల గడిలో "సాయం లేకుండా కూర్చుంటున్నారా, నడుస్తున్నారా, మింగుతున్నారా" అని మూడు అవును-కాదులు కలపమని నా సలహా.

ఫాలోఅప్_డెస్క్
ఇక 90 రోజుల ఫోన్. రాంకిన్ స్కేలు 1957లో గ్లాస్గోలో పుట్టింది, ఇప్పుడు వాడేది దాని సవరించిన రూపం. 0 నుంచి 6. సంఖ్యల నిర్వచనాలు అందరికీ తెలుసు. అడిగే తీరులోనే చిక్కంతా. "ఎలా ఉన్నారమ్మా?" అంటే "మీ దయవల్ల బాగున్నా బాబూ" అంటుంది. అది మర్యాద, స్కోరు కాదు. అవును-కాదు ప్రశ్నల సరళ పద్ధతి ఒకటుంది, దాన్ని ఇంటి భాషలో ఇలా అడగొచ్చు:

మొదటిది: "ఇంట్లోవాళ్లందరూ ఓ వారం పెళ్లికి వెళ్లారనుకోండి. మీరొక్కరే ఉండగలరా? స్నానం, దొడ్డికి వెళ్లడం, వండుకోవడమో తెప్పించుకోవడమో, కొట్టు నుంచి సరుకులు, డబ్బు లెక్క, అన్నీ మీరే?" అసలు ప్రశ్న "ఒంటరిగా బతకగలరా" అని. మన ఇళ్లలో అలా అడిగితే "ఒంటరిగా ఎందుకుంటాను, కొడుకున్నాడుగా" అని నొచ్చుకుంటారు, జవాబు రాదు. పెళ్లి మాట పెడితే ఆలోచించి చెబుతారు.

అవునంటే రెండోది: "కాలూ చెయ్యీ పడిపోకముందు చేసే పనులన్నీ, నెమ్మదిగానైనా, తక్కువగానైనా, ఇప్పుడు చేయగలుగుతున్నారా?" లేదంటే 2. అవునంటే మూడోది: "అచ్చం మునుపటిలాగే ఉన్నారా? తిమ్మిరి, మాట తడబాటు, మతిమరుపు, నీరసం ఏమైనా మిగిలిందా?" ఏమీ లేకపోతే 0, ఉంటే 1.

మొదటిదానికే కాదంటే: "ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మనిషి పట్టుకోకుండా నడుస్తారా? కర్ర, వాకరు ఉన్నా సరే." అవును, 3. కాదంటే: "మంచం మీద ఎవరూ లేపకుండా లేచి కూర్చుంటారా?" అవును 4, కాదు 5. చనిపోతే 6.

గుర్తుంచుకోండి, కర్ర సాయం సాయం కాదు, మనిషి సాయమే సాయం. 3కీ 4కీ మధ్య తగాదాలు చాలావరకు ఈ ఒక్క మాటతో తీరిపోతాయి. "కోడలు వెనకాలే వస్తుంది" అంటే, పట్టుకుంటుందా, భయంతో ఊరికే వస్తుందా అని అడగాలి.

మాట పోయినవాళ్లు, ఒక పక్కను గుర్తించనివాళ్లు, తమకు జబ్బే లేదనేవాళ్లు ఉంటారు. వాళ్ల తరఫున ఇంటివాళ్లనే అడగాలి, అదీ రోజూ పక్కన ఉండేవాళ్లను. హైదరాబాదులో ఉంటూ వారానికోసారి ఫోన్ చేసే కొడుకు చెప్పిన 1, ఊళ్లో అన్నం పెట్టే కోడలి దగ్గర 3 అవుతుంది. ఎవరు జవాబు చెప్పారో ఫారంలో గడి ఉండాలి.

న్యూరో_గుంటూరు
చాలా బాగుంది. ఒక్కదాంట్లో విభేదిస్తాను. "వండుకోవడం" మగవాళ్లను అడిగితే ఎలా? స్ట్రోక్ రాకముందు కూడా మంచినీళ్లు ముంచుకు తాగని మహానుభావులున్నారు. వాళ్లందరూ మొదటి ప్రశ్నకే ఓడి 3లో పడతారు.

ఫాలోఅప్_డెస్క్
అందుకే "వండుకోవడమో తెప్పించుకోవడమో" అన్నాను సార్. హోటల్ నుంచి పార్సిల్ తెచ్చుకోగలిగితే చాలు. అలవాటు లేకపోవడం వేరు, చేతకాకపోవడం వేరు. "అవసరమొస్తే చేయగలరా? చేయలేకపోతే ఎందుకు?" అనే రెండో ముక్క తప్పనిసరిగా అడగాలి. చెయ్యి రాక అంటే లెక్కలోకి వస్తుంది. ఎప్పుడూ చేయలేదు అంటే రాదు. ఇంటివాళ్లు పొలం వెళ్లనివ్వడం లేదు అన్నదీ అంతే: "వెళ్లనిస్తే చేయగలరా?"

మోకాళ్ల నొప్పులతో మునుపే నడవలేని ముసలమ్మకు ఇప్పుడు 4 వస్తే అది స్ట్రోక్ చేసిందా, మోకాలు చేసిందా? ఫోన్‌లో విడదీయలేం. అందుకే స్ట్రోక్‌కు ముందటి ఎమ్‌ఆర్‌ఎస్ చేరిన రోజే, ఇంటివాళ్లను అడిగి రాయాలి. 90 రోజుల తర్వాత అడిగితే "అంతకుముందు గుర్రంలా తిరిగేది" అంటారు.

ఫిజియో_రాజమండ్రి
బార్తెల్ గురించి ఎవరూ ఎత్తలేదు. 10 అంశాలు, 100 పాయింట్లు, 5 చొప్పున మెట్లు. మంచం నుంచి కుర్చీకి మారడం, నడక చెరో 15. స్నానం, మొహం కడుక్కోవడం చెరో 5. మిగతా ఆరూ తలా 10. మన ఇళ్లలో తేల్చాల్సిన చోట్లు ఇవి:

తినడం: కుడిచెయ్యి పడిపోయి ఎడమచేత్తో చెంచాతో తింటే, కంచం ముందు పెట్టాక తనే తింటే, 10. పప్పూ అన్నం ఎవరైనా కలిపిపెడితే తప్ప తినలేకపోతే 5. ఫారంలో "ముక్కలు కోసిపెట్టాలి" అని ఉంటుంది, మనకు దాని బదులు కలపడమే.

స్నానం: వేణ్నీళ్ల బకెట్టు మోసుకొచ్చి పెట్టడం స్నానంలో భాగం కాదు. వీపు మీద చెంబుతో ఎవరైనా పోయాల్సి వస్తే, తుడవాల్సి వస్తే 0.

బట్టలు: చీర వదిలి నైటీకి మారి తనే వేసుకుంటోందంటే బార్తెల్‌లో 10. కానీ "మునుపటి పనులన్నీ" అన్న రాంకిన్ ప్రశ్నకు ఆ చీర సంగతి అడగండి. జాకెట్టు హుక్కులు కోడలు పెడితే 5.

మరుగుదొడ్డి: కింద కూర్చునే దొడ్డిలో లేవలేక, కమోడ్ కుర్చీ కొన్నాక తనే వెళ్లొస్తుంటే 10. ఎడమచెయ్యి పడిపోయినవాళ్లు కుడిచేత్తో కడుక్కోవడానికి ఇబ్బందిపడి ఇంటివాళ్ల మీద ఆధారపడతారు. సిగ్గుతో ఫోన్‌లో చెప్పరు. ఆడవాళ్లను ఆడవాళ్లే అడిగితే నిజం బయటికొస్తుంది.

బార్తెల్‌కు పైకప్పు తక్కువ. 100 వచ్చిన మనిషి ఉద్యోగానికి వెళ్లలేకపోవచ్చు, బండి నడపలేకపోవచ్చు. తేలికపాటి స్ట్రోక్‌లలో అందరికీ 100 వచ్చి తేడా చూపదు. మధ్యరకం, తీవ్రమైన కేసుల్లో, ఇంట్లో ఎంత పని మీద పడుతుందో చెప్పడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

ఓపీకి వచ్చేవాళ్లకు నడక వేగం కొలవండి, రెండు నిమిషాల పని. కారిడార్‌లో 10 మీటర్లు టేపు వేసి, మొదటి 2, చివరి 2 మీటర్లు వదిలేసి మధ్య 6 మీటర్లకు స్టాప్‌వాచ్. మామూలు నడక, రోజూ వేసుకునే చెప్పులతో, మూడుసార్లు, సగటు. 15 సెకన్లు పడితే సెకనుకు 0.4 మీటర్లు, అంతకన్నా నెమ్మదిగా ఉంటే ఇంటి గడప దాటడం కష్టం. 7.5 సెకన్లకు 0.8, అది దాటితే బజారుకు వెళ్లిరాగలరు. పక్కన నడిచేవాళ్లు ఒక అడుగు వెనకే ఉండాలి. ముందు నడిస్తే పేషెంటు మన వేగం అందుకోవాలని చూస్తాడు.

చెయ్యి కదలికల కోసం ఫ్యూగల్-మేయర్ పరీక్ష (చేతికి 66 పాయింట్లు) మంచిదే గానీ అరగంట పడుతుంది. పరిశోధనకైతే వాడండి, రిజిస్టర్‌కు వద్దు.

బయోస్టాట్_వైజాగ్
లెక్కల వైపు మూడు హెచ్చరికలు.

ఒకటి, దొరకనివాళ్లు. 50 మందికి లైసిస్ చేశారు, ఫోన్‌లో 40 మంది దొరికారు, వాళ్లలో 20 మందికి ఎమ్‌ఆర్‌ఎస్ 0 లేదా 1. "50 శాతం" అని రాస్తారు. దొరకని పదిమందీ చెడ్డ స్థితిలో ఉంటే అది 40 శాతం, అందరూ బాగుంటే 60. ఈ రెండూ పక్కపక్కనే రాయాలి. దొరకనివాళ్లకు డిశ్చార్జి స్కోరు తెచ్చి అతికించకండి, డిశ్చార్జి తర్వాత చనిపోయినవాళ్లు అందులో బతికే ఉంటారు. డిశ్చార్జి రోజే మూడు నంబర్లు తీసుకోండి: పేషెంటుది, ఇంట్లో ఉండేవాళ్లది, పక్కింటివాళ్లదో ఊళ్లో ఆశా కార్యకర్తదో. పైగా 50 మంది మీద వచ్చిన 40 శాతానికి ఎటుచూసినా 14 శాతం ఊగిసలాట ఉంటుంది. పోయినేడు 36, ఈ ఏడు 42 అని మిఠాయిలు పంచుకోనక్కర్లేదు.

రెండు, ఎక్కడ గీత గీస్తారన్నది. 2016లో వచ్చిన ఎన్‌చాంటెడ్ ట్రయల్‌లో 3310 మందిలో గడ్డ కరిగించే మందు ఆల్టెప్లేస్‌ను కిలోకు 0.9 మి.గ్రా. బదులు 0.6 ఇచ్చి పోల్చారు. ఎమ్‌ఆర్‌ఎస్ 2 నుంచి 6 వరకు అంతా "చెడు" అని ఒకే గీత గీస్తే తక్కువ డోసు గుంపులో 53.2 శాతం, మామూలు డోసులో 51.1. తక్కువ డోసు తీసిపోలేదని నిరూపించలేకపోయారు. అదే డేటాను ఏడు మెట్ల మీద మొత్తంగా చూస్తే తీసిపోలేదని తేలింది. మెదడులో తీవ్ర రక్తస్రావం కూడా 2.1 నుంచి 1.0 శాతానికి తగ్గింది. మన దగ్గర వయల్ ఖర్చు చూసి తక్కువ డోసు వైపు మొగ్గేవాళ్లు ఈ రెండు జవాబులనూ చదవాలి. ఫారంలో "మంచి/చెడు" గడి పెట్టకండి, 0 నుంచి 6 అంకెనే రాయించండి. గీత తర్వాతైనా గీసుకోవచ్చు.

మూడు, రక్తస్రావం నిర్వచనం. 2008 నాటి ఈకాస్-3లో ఆల్టెప్లేస్ గుంపులో లక్షణాలతో కూడిన రక్తస్రావం ఆ ట్రయల్ సొంత నిర్వచనం ప్రకారం 2.4 శాతం. అదే మనుషులకు పాత ఎన్‌ఐఎన్‌డీఎస్ నిర్వచనం పెడితే 7.9. ఏ నిర్వచనమో రాయని రక్తస్రావం శాతాన్ని నేను రిపోర్టులో చేర్చను.

వార్డు_రిజిస్టర్
టెనెక్టెప్లేస్ అనే ఇంకో గడ్డ కరిగించే మందుకు మారిన యూనిట్లకు ఏమైనా వేరే కొలత కావాలా?

న్యూరో_గుంటూరు
వద్దు. కెనడాలో 2022లో వచ్చిన యాక్ట్ ట్రయల్ కిలోకు 0.25 మి.గ్రా. (గరిష్ఠం 25) ఒకే బోలస్‌గా (ఒక్కసారిగా ఇచ్చే ఇంజెక్షన్‌గా) ఇచ్చి, 90 నుంచి 120 రోజుల మధ్య ఎమ్‌ఆర్‌ఎస్ 0-1నే చూసింది: 36.9 శాతం, ఆల్టెప్లేస్‌లో 34.8. ఫారంలో మందు పేరు, కిలోకు ఎంత, మొత్తం ఎంత, ఎన్ని గంటలకు అన్న నాలుగు గడులుంటే చాలు. మన దేశంలో కిలోకు 0.2 వాడే యూనిట్లూ ఉన్నాయి కాబట్టి "టెనెక్టెప్లేస్ ఇచ్చాం" అని మాత్రమే రాస్తే కుదరదు.

స్పీచ్_థెరపీ_హైదరాబాద్
ఇంకా ఒకటి మిగిలింది. ఎమ్‌ఆర్‌ఎస్ 1 వచ్చినవాళ్లలో కూడా ఆలోచన మందగించడం, దిగులు, అలసట ఉంటాయి. నిమ్స్ స్ట్రోక్ రిజిస్ట్రీలోని 608 మందిని సువర్ణ అల్లాడి బృందం చూసి 2016లో ప్రచురించింది. స్ట్రోక్ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలు మాట్లాడేవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6. ఆ కారణం సంగతి అలా ఉంచండి. మన లెక్కకు కావాల్సిందేమంటే, రెండు గుంపుల్లోనూ సగం కన్నా ఎక్కువమందికి ఆలోచనలో ఏదో లోపం ఉంది, దాన్ని రాంకిన్ నేరుగా కొలవదు. 90 రోజుల ఫోన్‌లో పూర్తి పరీక్ష కుదరదు గానీ, "మందులు ఎవరు గుర్తుపెట్టుకుని వేస్తున్నారు?", "రెండు వారాలుగా ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా?" అన్న రెండు ప్రశ్నలు కుదురుతాయి. ఏదైనా తేడాగా వస్తే ఓపీకి పిలిపించండి.

డల్లాస్_నర్సు
ఇక్కడ అమెరికాలో కొడుకు దగ్గరికి వచ్చి స్ట్రోక్ తెచ్చుకునే తెలుగు తల్లిదండ్రులకు కూడా ఇవే ప్రశ్నలు పనికొస్తాయి. కొడుకు అనువదిస్తే మాత్రం జవాబు కొడుకుదే అవుతుంది. తండ్రి నాలుగు వాక్యాలు చెబితే ఇంగ్లిష్‌లో "హీ ఈజ్ ఫైన్" అని వస్తుంది. ఆసుపత్రి దుబాసీనే అడగాలి, 90 రోజుల ఫోన్‌కు కూడా.

వార్డు_రిజిస్టర్
శిక్షణలో వాడేందుకు ఒక కల్పిత కేసు రాశాను, స్కోరు వేయండి. 62 ఏళ్ల రైతు, ముందటి ఎమ్‌ఆర్‌ఎస్ 0. చేరినప్పుడు ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ 11, 24 గంటలకు 4. 90వ రోజు కర్ర లేకుండా నడుస్తాడు, తనే స్నానం, చెంచాతో తనే తింటాడు. రోజూ పొలం వెళ్తాడు గానీ గట్టు మీద కూర్చుని కూలీలను చూసుకుంటాడు, స్ప్రేయరు మోయలేడు. డబ్బు వ్యవహారం కొడుకు చూస్తున్నాడు. ఫోన్‌పే పిన్ రెండుసార్లు తప్పు కొట్టాడని కొడుకు తీసేసుకున్నాడు.

ఫిజియో_రాజమండ్రి
బార్తెల్ 100. ఎమ్‌ఆర్‌ఎస్ 2.

న్యూరో_గుంటూరు
నేనూ 2 అనే అంటాను. నడుస్తున్నాడు, తన పని తను చేసుకుంటున్నాడు, మునుపటి పని చేయలేడు.

ఫాలోఅప్_డెస్క్
ఉన్న సమాచారంతో 2 వేయలేం. డబ్బు లెక్క మొదటి ప్రశ్నలోనే ఉంది. చేయలేకపోతే మొదటి ప్రశ్నకు "కాదు", నడుస్తాడు కాబట్టి 3. చేయగలిగీ కొడుకు చేయనివ్వకపోతే 2. పిన్ తప్పు కొట్టడం ఎవరికైనా జరుగుతుంది, దాంతో తేలదు. ఇలా అడగండి: "కొట్టుకు 500 నోటు ఇచ్చి 180 రూపాయల సరుకులు తెస్తే ఎంత తిరిగి రావాలి? కూలీలకు ఈ వారం ఎవరు లెక్క కట్టారు?" పేషెంటునూ అడగండి, కొడుకు లేనప్పుడు ఇంటావిడనూ అడగండి. తిరిగి రావాల్సిన 320 ఆయనకు తట్టక, ఇద్దరి మాటా ఒకటైతే 3 వేయండి.

వార్డు_రిజిస్టర్
కొడుకు ఒకటి, భార్య ఒకటి చెబితే?

ఫాలోఅప్_డెస్క్
పేషెంటుతో ఎక్కువసేపు గడిపేవాళ్ల మాట. అప్పటికీ తేలకపోతే, చికిత్స వివరాలు తెలియని రెండో మనిషి మర్నాడు విడిగా ఫోన్ చేసి స్కోరు వేయాలి. రెండూ కలవకపోతే ఇద్దరూ కూర్చుని ఒక అంకెకు రావాలి. ఏ అంకె వేసినా పక్కన కారణం ఒక ముక్కలో రాయండి: "3, డబ్బు లెక్క రాదు, భార్య చెప్పింది, 94వ రోజు." ఫారంలో ఆ గడికి కనీసం రెండు లైన్ల జాగా వదలండి.

వార్డు_రిజిస్టర్
వదులుతున్నాను. నమూనా సోమవారం ఇక్కడే పెడతాను.

బయోస్టాట్_వైజాగ్
పెట్టేటప్పుడు తేదీ గడిలో "90 రోజులు" అని అచ్చువేయకండి. ఫోన్ చేసిన అసలు తేదీ రాయించండి, రోజుల లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది.